ఆగమమా, ఆదేశమా?

విశాఖపట్టణము నుండి కిరండూలు పోవు రైలు సొరంగములు దాటి, బొర్రా గుహల ప్రక్కగా అరకులోయలో ప్రవేశించునప్పటికి ప్రయాణికుల కన్నులన్నియు కొండల మీదనే యుండును. వలిసెపూల పసుపు, కాఫీతోటల పచ్చన, మంచుతెరల తెలుపు చూచుటతోనే వారికి ప్రొద్దు చాలదు. స్టేషను వెలుపలి దుకాణముల బోర్డులను, బడి గోడలను, కచేరి ద్వారములను చదువువారు మిక్కిలి తక్కువ. చదివినచో అన్నింటను ఒకే మాట కానవచ్చును: అల్లూరి సీతారామరాజు జిల్లా. 2022 ఏప్రిల్ 4వ తేదీన పాడేరు ముఖ్యపట్టణముగా ఈ జిల్లా ఏర్పడినది. అంతకు ముందీ లోయ విశాఖపట్టణము జిల్లాలో నొక మూల.

ఒక మనుష్యుని పేరు ఒక సీమకు పెట్టుట సామాన్యవిషయము కాదు. బారసాలనాడు తండ్రి పళ్లెములో బియ్యము పోసి ఉంగరముతో బిడ్డపేరు వ్రాయును. వ్రాసిన క్షణము నుండి ఆ బిడ్డ కూటికి, గుడ్డకు, చదువునకు అతడే పూచీదారు. ప్రభుత్వము బియ్యములో వ్రాయక గెజెట్టులో వ్రాసినది. ఎందులో వ్రాసినను పేరు పెట్టినవానికి ఋణము తప్పదు. ఆ ఋణమెట్టిదో, అది తీరుచున్నదో లేదో విచారించుటయే నేటి మా ఉద్దేశము.

జిల్లా పుట్టిననాటి నుండియు పఠనమందిరములలో మూడు ప్రశ్నలు వినబడుచున్నవి. రాజుగారి అసలు పేరు సీతారామరాజు కాదట గదా, ఈ పేరెక్కడిది? అని యొకటి. ఆయన పోరాడినది గూడెము కొండలలో గదా, అరకుకును ఆయనకును సంబంధమేమి? అని రెండవది. కొండసీమకు కొండవాని పేరే ఏల పెట్టరాదు? అని మూడవది. ఈ మూడును వేర్వేరు ప్రశ్నలుగా కనబడును గాని, మొదటిదానికి సరియైన సమాధానము దొరికినచో తక్కిన రెండింటికిని త్రోవ దానియందే దొరకునని మా విశ్వాసము.

పాండ్రంగి గ్రామమున మాతామహుల యింట 1897 జూలై 4వ తేదీన జన్మించిన ఆ శిశువునకు పెద్దలు పెట్టిన పేరు రామరాజు. తల్లి సూర్యనారాయణమ్మగారి తండ్రి మందలపాటి రామరాజుగారు. తాతపేరు మనుమనికి వచ్చినది. ఇది తెలుగిండ్లలో తరతరముల ఆచారము. తండ్రి వెంకటరామరాజు, పినతండ్రి రామకృష్ణంరాజు. చదువరులు గమనింతురు గాక! తాతయందును రాముడే, తండ్రియందును రాముడే, పినతండ్రియందును రాముడే. ఆ బంధువర్గమున ఒక్క రామునే నలుగురు నాలుగు విధములుగా ధరించిరి. తండ్రి ఛాయాచిత్రకారుడు, రాజమహేంద్రవరమున 1908లో, కొడుకు పదునొకండేండ్ల వాడై యుండగనే మరణించెను. ఆస్తి లేదు, పదవి లేదు. ఆ బాలునికి పెద్దల వలన నిలుకడగా దక్కినది పేరొక్కటియే.

ఆ పేరు ముందు సీత యెప్పుడు చేరెను? నాటి ప్రభుత్వ పత్రములలో ఆయన శ్రీరామరాజు. ఆయన సంతకమును శ్రీరామరాజే. సాయుధ విప్లవమును తాను సమర్థింపజాలనని చెప్పుచునే ఆ యువకుని త్యాగమునకును, శీలమునకును గాంధీ మహాత్ముడు 1929లో తన పత్రికయందు జోహారు లర్పించినపుడు వ్రాసిన పేరును శ్రీరామరాజే. మఱి లోకమున ప్రచారములో నున్న కథ వేరు. సీత యను కన్య ఆయనను వలచినదనియు, ఆమె అకాలమరణము నొందగా ఆమె జ్ఞాపకార్థము ఆయన తన పేరునకు ముందు ఆమె పేరు చేర్చుకొనెననియు చెప్పుదురు. 1974లో వెలువడిన చలనచిత్రము ఈ కథను ఇంటింటికిని చేర్చినది. 2022లో వచ్చిన మఱియొక చిత్రమును సీత యను నాయికను రామరాజు సరసన నిలిపినది. అట్లూరి మురళి మొదలగు చరిత్రకారులు ఈ ప్రణయకథకు ఆధారము లేదని చెప్పియున్నారు.

కథ కట్టుకథ యైనంత మాత్రమున పేరు కట్టుపేరు కాదు. ఇందు మాకు తోచునది చెప్పెదము. శ్రీరామ శబ్దమున శ్రీ యనగా లక్ష్మి. రామాయణమున లక్ష్మియే సీత. కావున శ్రీరామరాజు అను పేరులో సీత మొదటినుండియు గుప్తముగా నుండనే యున్నది. పండితుడు శ్రీ అని ఊరకున్నచోట పామరుడు సీత అని విప్పి చెప్పెను. మన జనుల నాలుకకు రాముని ఒంటరిగా పలుకుట అలవాటు లేదు. భద్రాచలమున రామునికి ఏటేట జరుగు మహోత్సవము పట్టాభిషేకము కంటె ముందు సీతాకల్యాణమే. మన యూళ్లలో సీతారామయ్యలు, సీతారామమ్మలు, సీతారామశాస్త్రులు, సీతారామాంజనేయులు ఎందఱు లేరు? ఆంధ్రా బ్యాంకును 1923లో స్థాపించిన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారి పేరు చూడుడు: పట్టాభిషేకము, సీత, రాముడు, తండ్రివాచకమైన అయ్య, నాలుగును కలిసి ఒక్క పిలుపైనవి. అట్లే రామరాజును జనులు తమ యింటివానిని పిలిచినట్లు పిలిచిరి. ప్రభుత్వ మాయనకు ఫితూరీదారను బిరుదమిచ్చినది. ప్రజలు సీత నిచ్చిరి.

ఇచట బడిలో చదివిన వ్యాకరణమును ఒక్కమాఱు తలచుకొందము. సీతయు రాముడును సీతారాములు, ఇది ద్వంద్వసమాసము. ద్వంద్వమున రెండు పదములును ప్రధానములే. ఒకదాని నెత్తిన మఱియొకటి కూర్చుండదు. మఱియొక సంగతి. ఉన్న అక్షరమును కదలింపక దాని ప్రక్కకు వచ్చి చేరునది ఆగమము. ఉన్న అక్షరమును త్రోసి దాని చోట తాను కూర్చుండునది ఆదేశము. మా, అమ్మ కలిసి మాయమ్మ యైనపుడు నడుమ వచ్చిన యకారము వలన మాకును అమ్మకును ఏ హానియు లేదు. వాడు కొట్టె ననుట వాడు గొట్టె నైనపుడు కకారము పోయినది, గకారము వచ్చి దాని యింట కాపుర మున్నది. అందుచేతనే పెద్దలు ఆగమము మిత్రునివంటిది, ఆదేశము శత్రువువంటిది అనిరి. రామరాజు పేరునకు సీత ఆగమమై వచ్చినది. తాతయిచ్చిన రామరాజు చెక్కుచెదరలేదు. ప్రజలిచ్చిన సీత ముందు నిలిచినది. ఇంటి పెద్దలును, దేశప్రజయు కలిసి పెట్టిన పేరు సీతారామరాజు. కావున అసలు పేరేది, కొసరు పేరేది అను తగవునకు తావు లేదు.

ఇక రెండవ ప్రశ్న. నిజమే, భూగోళము చూచినచో విచిత్రముగ నున్నది. జిల్లాలను విభజించిననాడు ఆయన పుట్టిన పాండ్రంగి విశాఖపట్టణము జిల్లాలోనే మిగిలినది. స్వగ్రామమైన మోగల్లు పశ్చిమగోదావరిలో నున్నది. సమాధి యున్న కృష్ణదేవిపేట అనకాపల్లి జిల్లాలోనికి పోయినది. పుట్టినచోటును, పెరిగిన వంశమువారి యూరును, మట్టిలో కలిసినచోటును ఆయన పేరిటి జిల్లాకు వెలుపలనే యున్నవి. లోపల నున్నది ఆయన నడిచిన నేల: చింతపల్లి, లంబసింగి, గూడెము, కొయ్యూరు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, ఇట్లు మూడు దినములలో మూడు పోలీసు స్టేషన్లపై బడి తుపాకులు గైకొనిన దండయాత్రకు నాంది ఈ కొండలలోనిదే. అదే యేడు సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డు, హైటరు అను దొరలు పడిపోయినదియు, 1924 మే 7న కొయ్యూరు కడ ఆయన గుండు దెబ్బకు నేలకొరగినదియు ఇక్కడనే. కాని అరకులోయ వీనికి ఉత్తరమున చాలదూరములో నున్నది; ఆ పోరాటమునకది రంగస్థలము కాదు. మఱి అరకు ఈ పేరును ఏ హక్కుచే ధరించినది?

అడుగుల హక్కుచే గాదు, కారణము హక్కుచే ధరించినదని మా సమాధానము. గూడెము మన్యము ఏల తిరుగబడినది? 1882 నాటి మద్రాసు అడవిచట్టము పోడును నేరము చేసినది. కొండవాలున పొదలు నఱకి, ఎండబెట్టి, తగులబెట్టి, తొలకరికి సామలు, చోళ్లు, కందులు చల్లుకొను కుటుంబము తన తాతల నేలమీద తానే దొంగ యైనది. ముఠాదారుల పాతహక్కులు సన్నగిలినవి. నర్సీపట్నము నుండి కొండమీదికి రోడ్డు వేయుటలో బాస్టియను అను డిప్యూటీ తాహసీల్దారు కూలికి తగిన డబ్బీయక కొండవారిచేత చాకిరి చేయించినది. ఈ కష్టము గూడెమునకు మాత్రమే చెందినది కాదు. తూర్పుకనుమల పొడవునను ఇదే. అరకునకు ఇరుగుపొరుగైన పాచిపెంట కొండలలో 1900లోనే కొఱ్ఱవానివలసకు చెందిన కొఱ్ఱ మల్లయ్య యను కొండదొర తాను పంచపాండవులలో నొకడ ననియు, తన పసిబిడ్డ శ్రీకృష్ణు డనియు చాటి, ఆంగ్లేయులను వెడలగొట్టెద నని జనమును కూడగట్టెను. వెదురుకఱ్ఱలే తుపాకులగునని నమ్మిన ఆ జనముమీద నిజమైన తుపాకులు పేలినవి. రామరాజు కొండలెక్కుటకు ముందే ఈ కొండలలో పేర్లు ఆయుధములైనవని దీనివలన తెలియుచున్నది. పేరులేని నిరుపేద ఒక పురాణనామము నెత్తిన పెట్టుకొని రాజ్యము నెదిరించెను.

ఆ కారణము నేటికిని చావలేదు. కొండభూమి మైదానమువారి చేతులలోనికి జారకుండ 1917లో నొక చట్టము, 1959లో నొక రెగ్యులేషను, దానిని బిగించుచు 1970లో మఱియొకటి వచ్చినవి. ఈ కడపటిదానినే కొండవారు ఒకటి బై డెబ్బది యని ఇంటిదేవత పేరువలె తలతురు. ఇదే అరకు ప్రక్కన అనంతగిరి మండలములో గనుల కౌళ్లు ప్రైవేటు కంపెనీల కిచ్చినపుడు సమత యను సంస్థ న్యాయస్థానములకెక్కినది. షెడ్యూల్డు ప్రాంతములలో ప్రభుత్వమైనను తన భూమిని గిరిజనేతరులకు గనుల కౌలు కియ్యరాదని 1997 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 1922లో చింతపల్లి స్టేషను ముందు అడిగిన ప్రశ్నకే 1997లో ఢిల్లీ న్యాయపీఠము ముందు సమాధానము వచ్చినది. ఈ నేల ఎవరిది అనునదే ఆ ప్రశ్న. ఆ తీర్పునకు కారణమైన కొండలు అరకు పొరుగునవి. కావున ఈ పేరునకు అరకు అనర్హ కాదు. అయితే ఆ చట్టములు సడలిననాడు ఈ పేరు ధరించు అర్హత అరకుకు గాక, పెట్టినవారికే పోవును.

సీత యనగా నాగటిచాలు అని నిఘంటువు చెప్పును. జనకుడు భూమిని దున్నుచుండగా చాలులో దొరికిన శిశువు గనుక ఆ పేరు. కొండమీద పోడు వ్యవసాయమున నాగటిచాలు లేదు. గొడ్డలి, నిప్పు, పాఱ, అంతే. నాగలి మైదానమువారి పనిముట్టు. ఆ విధముగా చూచినచో మైదానపు చాలు పేరుతో పిలువబడినవాడు చాలులేని సేద్యము కొఱకు ప్రాణమిచ్చెను. తన పొలము తీరే లోకమునకెల్ల తీరు కావలెనని ఆయన కొండవానికి చెప్పలేదు. కొండవాని పొలము కొండవాని తీరుననే యుండవలెనని పోరాడెను. మైదానమువారు కొండలెక్కునపుడు నేర్వదగిన మర్యాద అదియే.

మూడవ ప్రశ్నయే అన్నింటికంటె బరువైనది. కొండవాని పేరే ఏల పెట్టరాదు? ఈ ప్రశ్న అడుగువారిని అసూయాపరులని తూలనాడుట న్యాయము కాదు. రామరాజు ఒంటరిగా పోరాడలేదు. బట్టిపనుకుల మునసబు పనినుండి తొలగింపబడిన గాం గంటందొర, ఆయన తమ్ముడు గాం మల్లుదొర, రాజవొమ్మంగి చెఱనుండి విడిపింపబడిన వీరయ్యదొర మొదలగువారు ఆయన కుడిభుజములు. కొండత్రోవలు చూపినది వారు, అన్నము పెట్టినది వారి యూళ్లు, దండుగలు మోసినది వారి యాడువారు. రామరాజు మరణించిన కొలదికాలమునకే గంటందొరయు నేలకూలెను. మల్లుదొర దీర్ఘకాలము కారాగారవాస మనుభవించి, స్వతంత్రభారతమున 1952లో తొలి లోకసభకు విశాఖపట్టణము నుండి ఎన్నికయ్యెను. ఈ పేర్లు మన పిల్లలలో ఎందఱికి తెలియును? రామరాజుపేర విగ్రహములు కలవు, తపాలాబిళ్ల కలదు, పాటలు కలవు. 2022 జూలైలో భీమవరమున ముప్పది యడుగుల కంచుప్రతిమ ప్రధానమంత్రిచే ఆవిష్కృతమైనది. గంటందొర పేరో, ఆ కీర్తి వెలుగులో ఎన్నడును ముందుకు రాలేదు.

దీనికి మందు రామరాజు పేరు తీసివేయుట కాదు, అది ఆదేశము. దొరల పేర్లను ఆయన ప్రక్కకు చేర్చుట మందు; అది ఆగమము. రామునికి సీత చేరుటవలన రామునకు తక్కువగలేదు గదా! రాజునకు దొర చేరినచో రాజున కేమి తక్కువ? మైదానపు రాజును, కొండమీది దొరయు కలిసిన ద్వంద్వమే మన్యపు పోరాటము. ఒక్క పదమే పలికి రెండవదాని మింగినచో అది సమాసము కాదు, లోపము.

ఇంతవఱకు గొప్పవారి పేర్లు చెప్పితిమి. ఇక లోయలోని సామాన్యుల పేర్లకు వత్తము. మా యీ వ్యాసమునకు ప్రాణము ఇచటనే యున్నది. ఈ కొండలలోని ఇంటిపేర్లు ఎంత అందమైనవి! కొఱ్ఱ యనగా సూర్యుడు, కిల్లో యనగా పెద్దపులి, పాంగి యనగా గ్రద్ద, గొల్లోరి యనగా కోతి, వంతల యనగా పాము. ఒక్కొక్క కులగోత్రమునకు ఒక్కొక్క ప్రాణి తోబుట్టువు. పులి గోత్రమువాడు పులిని చంపడు. ఒకే గోత్రమువారు పెండ్లియాడరు. ఇంటిపేరే వారికి ధర్మశాస్త్రము. బిడ్డలపేర్ల తీరు మఱియు ముచ్చటైనది. లోయలోను, ఒడిశా సరిహద్దు వెంబడిని కొన్ని తెగలలో బిడ్డ పుట్టిన వారమే బిడ్డపేరు: సోమవారపు బిడ్డ సోమ, మంగళవారపు ఆడబిడ్డ మంగ్లి, బుధవారపువాడు బుద్ర, శుక్రవారపుది సుక్రి. పంచాంగము చూచువాడు అక్కరలేదు, పురోహితుడు అక్కరలేదు. సంతకు పోవు రోజును బట్టి వారము తెలియును, వారమును బట్టి పేరు తెలియును. జనన పత్రికలేని కాలమున పేరే జననపత్రిక.

ఆ సుక్రి బడిలో చేరునపుడేమగును? పట్టికలో వ్రాయువాడు తఱచుగా మైదానమువాడు, వినునది తెలుగుచెవి. సుక్రి ఆ పట్టికలో సుక్రమ్మ యగుట, బుద్ర బుద్ధయ్య యగుట, వీరికంటె మంచి పేరు పెట్టుదమను దయతో మఱియొకడు పూర్తిగా క్రొత్తపేరే వ్రాయుట వింత కాదు. వ్రాసినవానికి దురుద్దేశము లేకపోవచ్చును. కాని బడిపట్టికలో నొక పేరు, రేషనుకార్డులో నొక పేరు, ఆధారుకార్డులో మఱియొక పేరు, ఇంట తల్లి పిలుచునది నాలుగవది యైననాడు ఆ పిల్ల కుల ధ్రువపత్రమునకు పోయినపుడు ఇది నీవేనా యని అడుగబడును. భూమిపట్టాకు పోయినపుడు నీ తండ్రి యితడేనా యని అడుగబడును. మైదానమున అక్షరదోషము అక్షరదోషమే; కొండమీద అక్షరదోషము కౌలునకు, పట్టాకు, ఉపకారవేతనమునకు అడ్డుగోడ. భూమి చట్టమంతయు ఇతడు గిరిజనుడు అను రుజువుమీద నిలిచియున్నది. ఆ రుజువు పేరుమీద నిలిచియున్నది. కావున పేరు మార్చుట చిన్నతప్పు కాదు. ఒకటి బై డెబ్బది కాపాడిన భూమిని ఒక గుమాస్తా కలము సందేహములో పెట్టగలదు.

తెలుగుచెవికి కొండపలుకు మోటుగా వినబడవచ్చును. కాని మన భాషాశాస్త్రమునకు తలమానికమైన భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఆ పలుకును మోటన్నవారు కారు. కొండదొరల భాషను శ్రద్ధతో అభ్యసించి, దానికి వ్యాకరణము వ్రాసి 1969లో ప్రకటించిరి. ఆ భాష మన తెలుగునకు సోదరి. మన నాలుక ఏనాడో విడిచి, వ్రాతలో మాత్రము బండిఱగా నిలుపుకొన్న ధ్వనిభేదము కొండదొరల నోట ఇప్పటికిని పలుకుచున్నది. మన ముత్తాతల యుచ్చారణ మన పట్టణములలో లేదు, వారి గుడిసెలలో నున్నది. కువి మాటాడువారును మనకు దగ్గఱ చుట్టములే. గదబల గుతోబు మఱియొక ప్రాచీన కుటుంబమగు ముండాకు చెందినది. ఇన్ని భాషలు వ్రేలాడు చెట్టుక్రింద కూర్చుండి, ఒక్క చెవితో విని, ఒక్క తీరున వ్రాయుట పాండిత్యము కాదు.

ఇందుపై నొక ఆక్షేపణ రాగలదు. కొండవారే తమ బిడ్డలకు మైదానపు పేర్లు పెట్టుకొనుచున్నారు గదా, సుక్రి యని పిలిపించుకొనుటకు ఆ పిల్లయే సిగ్గుపడుచున్నది గదా, మీరేల వెనుకకు లాగెదరు? అందురు. మేము ఎవ్వరిని వెనుకకు లాగము. తల్లిదండ్రులు తమ బిడ్డకు ఏ పేరైనను పెట్టుకొనవచ్చును. సినిమా పేరైనను, దేవతపేరైనను, రెండు పేర్లు కలిపి తామే అల్లుకొన్న క్రొత్త సమాసమైనను వారి యిష్టము. కొఱ్ఱ సీతారామరాజు అని యొక కొండదొర తన కొడుకును పిలుచుకొన్నచో అంతకంటె అందమైన సమాసము లేదు. సూర్యుడు ఇంటిపేరుగా నిలువగా సీతారాములు అతిథులై వచ్చిరి. వారు పెట్టుకొన్నది ఆగమము. వారిని అడుగకుండ మనము పెట్టినది ఆదేశము. భేదమంతయు ఇంతయే. ఇక సిగ్గుమాట. ఆ పిల్లకు సిగ్గు పుట్టుకతో వచ్చినది కాదు; పట్టిక చదువునపుడు తరగతిలో ఎవరో నవ్వుటచేత వచ్చినది. నవ్వినవానికి బుద్ధిచెప్పుట విడిచి పిల్లపేరు మార్చుట ఏమి న్యాయము?

కావున ప్రభుత్వమునకు మేము చేయు మనవి ఇది. జిల్లాకు పేరు పెట్టినందుకు మెచ్చుచున్నాము. పేరు పెట్టినవారు పేరు నిలుపవలెను. జననపుస్తకమునందును, బడిపట్టికయందును బిడ్డపేరు తల్లి పలికినట్లు వ్రాయవలెను. వ్రాసి, ఆమెకు చదివి వినిపించి, ఔనన్న పిదపనే ముద్ర వేయవలెను. వెనుకటి దోషములను దిద్దుటకు కొండవారిని పాడేరు చుట్టు త్రిప్పక సంతరోజున సంతకే గుమాస్తాను పంపవలెను. కొండబడులలో గంటందొర, మల్లుదొర, కొఱ్ఱ మల్లయ్య పేర్లు రామరాజు పేరు ప్రక్కన పిల్లలు నేర్వవలెను. కువి, కొండ, ఆదివాసి ఒడియా మొదలగు భాషలలో ప్రాథమిక వాచకములు మన రాష్ట్రమున నిదివఱకే వెలువడినవి. ఆ ప్రయత్నము పుస్తకముల బీరువాలో నిద్రింపక తరగతిలోనికి రావలెను. అన్నింటికి మిన్నగా భూమిచట్టము నొక్క అక్షరమైనను సడలింపరాదు. ఏ పేరుతో వచ్చినను, ఏ అభివృద్ధి యని వచ్చినను, కొండవాని భూమిలో కొండవానిని త్రోసి మఱియొకడు కూర్చుండినచో అది వ్యాకరణమున నేమో గాని ధర్మమున శత్రువే.

పఠనమందిరముల చదువరులకును మాదొక మనవి. సెలవులకు మీరును అరకు పోవుదురు. వెదురుబొంగులో కాల్చిన కోడిని తిందురు, థింసా ఆట చూతురు, ఛాయాచిత్రములు తీయించుకొందురు. ఆడినవారి పేరు అడిగినవారు మీలో ఎందఱు? ఈ మాఱు అడుగుడు. చెప్పిన పేరును చెప్పినట్లు పలుకుటకు యత్నింపుడు. దిద్దకుడు, పొడిగింపకుడు, చివర అమ్మయు అయ్యయు తగిలింపకుడు. మీ నాలుక తడబడినచో వారు నవ్వుదురు గాక. ఇన్నాళ్లు మనము నవ్వితిమి, ఒక్కనాడు వారిని నవ్వనిండు.

పాండ్రంగిలో తాతయిచ్చిన రామరాజును కొండలు పెద్దవానిని చేసినవి; ప్రజ సీతను చేర్చి తనవానిని చేసుకొన్నది. ఎవరి పేరును ఎవరును చెఱపక, ఒకరి ప్రక్క నొకరు నిలిచినందుననే ఆ సమాసము అంత బలమైనదైనది. ఆ పేరు నొసట వ్రాసికొన్న జిల్లాలో సుక్రి సుక్రిగా బడికి పోయి, సుక్రిగా చదివి, సుక్రి పేరిటనే తన తండ్రి పోడుభూమికి పట్టా పొందిననాడు సీతారామరాజు పేరు ఆ నేలకు ఆగమమై వచ్చినదని చెప్పుదము. అంతవఱకు అది గెజెట్టులోని ఆదేశమే.